డాక్టరమ్మ పీకనన్న పళ్లు

ముందుగా ఒక మాట. నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఊరి బడిలో చదివిన చదువు నాది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ సరిగా తెలియదు. అచ్చు వేసేవాళ్లు దిద్దుకుంటారని ధైర్యం చేసి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి. నలుగురిలో మాట్లాడడం కూడా నాకు చేతకాదు. అయినా ఈ మనిషి గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ప్రొద్దుటూరులో మా పళ్ల డాక్టరమ్మ చనిపోయింది.

పోయిన నెలలో ఆమెను చూడడానికి బస్సులో వెళ్లాను. మందుల అంగడి పక్కన ఇరుకు మెట్లు ఉంటాయి. వాటి పైన ఆమె ఆస్పత్రి. మెట్లెక్కి చూస్తే షట్టరు దించి ఉంది. దానికి ఒక ఫోటో కట్టి, బంతిపూల దండ వేశారు. పూలు అప్పటికే వాడిపోయాయి. అది ఎవరి ఫోటోనో నాకు వెంటనే తెలియలేదు. ఎందుకంటే ఇన్నేళ్లూ ఆమెను మూతికి మాస్కుతోనే చూశాను. ముక్కు, నోరు, గడ్డం కొత్తగా ఉన్నాయి. కళ్లు చూసి గుర్తుపట్టాను.

కిందికి దిగితే మందుల అంగడాయన చెప్పాడు. "నీకు తెలీదా పెద్దాయనా? బెంగుళూరులో పోయిందప్పా. శానా దినాల నుంచి బాగలేదంట. ఎవురికీ చెప్పుకోలేదు."

నేను ఆ మెట్ల మీదే కూర్చున్నాను. నా చేతిసంచిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఆ డబ్బాలో, రోజూ పడుకునేముందు నేను నోట్లో పెట్టుకునే వస్తువు ఉంది. ఆమె చేసి పెట్టిందే. అది కొంతకాలంగా వదులైంది. సరిచేయించుకుందామనే వెళ్లాను. అది పళ్లకు సరిగా పట్టకపోతే నిద్రలో నా ఊపిరి ఆగిపోతుంది. ఆమె పోయిందన్న బాధ ఒక పక్క, ఇప్పుడు నా గతేమిటన్న భయం ఒక పక్క. రెండింటిలో ఏది ముందు వచ్చిందో చెప్పమంటే సిగ్గుగా ఉంది.

మాది పులివెందుల నుంచి వేంపల్లెకు పోయే దారిలో, రోడ్డు నుంచి లోపలికి ఉండే చిన్న ఊరు. కొద్దిగా చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. తోట ఊరికి దూరం. మోపెడు మీద పోయి వస్తుండేవాడిని. తోటలో ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు. పాదుల్లోకి నీళ్లు పారుతుంటే గట్టు మీద కూర్చోవడం, ఎండుకొమ్మలు కొట్టేయడం, కాయ బరువుకు వంగిన కొమ్మకు కర్ర పోటు పెట్టడం, అదే నా బతుకు.

వయసు మళ్లుతున్నప్పుడు గురక పట్టుకుంది. మా వైపు గురక పెట్టేవాణ్ని చూసి ఎవరూ జాలిపడరు. అదృష్టవంతుడు, తల ఆనితే చాలు మొద్దునిద్ర అంటారు. నాకు మాత్రం తెల్లారి లేస్తే రాత్రంతా మూటలు మోసినట్టు ఉండేది. తల దిమ్ముగా ఉండేది. నాలుక ఎండిపోయి అంగిలికి అంటుకునేది. నిద్రలో ఎవరో గొంతు మీద మోకాలు పెట్టి అదిమినట్టు అయ్యేది. లేవబోతే ఒళ్లు లేవదు, అరవబోతే గొంతు రాదు. కాగులో కూర్చోబెట్టి పైన మూత వేసినట్టు ఉండేది. ఉన్నట్టుండి మూత ఎగిరిపోయినట్టు ఊపిరి లోపలికి వచ్చేది. లేచి కూర్చుని వగర్చేవాడిని. మా ఇంటామె దిష్టి తీసింది. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. తల పెట్టుకునే దిక్కు మార్చింది. ఏ దిక్కున పడుకున్నా ఆ మోకాలు వచ్చి గొంతు మీదే కూర్చునేది.

దీనికి తోడు నిద్రలో పళ్లు కొరికేవాడినట. గురక ఎవరికీ పట్టలేదు గానీ, పళ్లు కొరకడం అందరికీ పట్టింది. ఇంటి పెద్ద నిద్రలో పళ్లు కొరికితే ఆ ఇంటికి అరిష్టమని మావాళ్ల నమ్మకం. ఆ ఏడు చీనీకాయలకు ధర రాలేదు. ఒక బోరు ఎండిపోయింది. అన్నీ నా పళ్ల మీదికి వచ్చాయి. మా అక్క వచ్చినప్పుడల్లా, "పండ్లు ఉంటే గదా వాడు కొరికేది" అని పోయేది.

పగలు కూర్చున్నచోటే కునుకు పట్టేది. టీ అంగడి దగ్గర గ్లాసు చేతిలో ఉండగానే తల వాలిపోయేది. "ఏం మామా, పొద్దున్నేనా?" అని కుర్రవాళ్లు నవ్వేవాళ్లు. నేను తాగుడు ఎరగను. ఆ మాట చెప్పడానికి కూడా నాకు నోరు వచ్చేది కాదు. టీ అంగడికి పోవడం మానుకున్నాను.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం తోట నుంచి వస్తూ మోపెడు మీదే నిద్రపోయాను. బండి రోడ్డు దిగి కంపచెట్లలోకి పోయింది. భుజం వాచింది. ఒళ్లంతా ముళ్లు. ఎదురుగా లారీ వచ్చి ఉంటే ఇది రాసేవాడిని కాదు. ఆ సాయంత్రం నా కొడుకు బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "నాయనా, నువ్వు మాకు కావాల. బండి వద్దులే" అన్నాడు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. మంచి మాటే. కానీ ఆ రోజు నుంచి నన్ను అరుగుకు కట్టేసినట్టయింది. తోటకు పోవాలంటే ఎవరైనా తీసుకుపోవాలి. అడగడం నాకు చేతకాదు. అడగకపోతే వాళ్లకు తోచదు. నిద్రపోతే గొంతు మూసుకునేది. మేలుకుంటే ఇల్లు మూసుకునేది.

పళ్లు అరిగి అరిగి గుండ్రాళ్ల మాదిరి అయిపోయాయి. కింది దవడలో ఒకటి పుచ్చి సలుపు పెట్టేది. నా ఈడువాళ్లందరూ అప్పటికే పళ్లు పీకించుకుని కట్టుడు పళ్ల సెట్టు పెట్టించుకున్నారు. నా పళ్లు కూడా మొత్తం పీకిస్తే నొప్పీ పోతుంది, అరిష్టమూ పోతుందని ఇంట్లో తీర్మానం చేశారు. ఎవరు తీర్మానం చేసినా సరేనని తల ఊపడమే నాకు అలవాటు. అట్లా మా ఇంటామెను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరుకు, ఆ ఇరుకు మెట్ల మీదికి మొదటిసారి వెళ్లాను.

డాక్టరమ్మ నన్ను కుర్చీలో వెనక్కి వాల్చింది. నోరు తెరిపించింది. చిన్న అద్దం పెట్టి చూసింది. ఆ అద్దం కాడతో ఒక్కో పన్నును మెల్లగా తట్టి, చెవి ఒగ్గి వినేది. ఆమెకు అది అలవాటని తర్వాత తెలిసింది. ఎక్స్‌రే తీసి, అది చూసి వస్తాను, కదలకుండా ఉండమని లోపలికి పోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఒళ్లు వాలి ఉంది. నేను అక్కడే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి డాక్టరమ్మ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది. పక్కన అక్కడ పనిచేసే ఆయమ్మ, మా ఇంటామె నిలబడి ఉన్నారు. ఏం తప్పు చేశానో అని లేవబోయాను.

"ఉండు పెద్దాయనా. ఎన్నేండ్ల నుంచి ఇట్ల?"

"ఏంది తల్లీ?"

"నిద్రలో ఊపిరి ఆగిపోవడం. నేను చూస్తానే ఉండా. ఆగిపోతాది, ఎగబీల్చుకుంటావు, మళ్లీ ఆగిపోతాది."

నేను మా ఇంటామె వైపు చూశాను. డాక్టరమ్మ కూడా ఆమె వైపే తిరిగింది. "నిద్రపోయేటోనికి ఏం తెలుస్తాది? పక్కన మేలుకున్నోళ్లను అడగాల. నువ్వు చెప్పమ్మా."

"గురక పెడతాడు తల్లీ."

"ఎట్ల పెడతాడు? పెట్టి చూపించు."

మా ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చూపించక తప్పదని తెలిసినాక గోడ వైపు తిరిగి మొదలుపెట్టింది. ముందు రంపం కోసినట్టు మెల్లగా, తర్వాత తర్వాత గట్టిగా. ఆయమ్మ పగలబడి నవ్వుతోంది. ఉన్నట్టుండి మా ఇంటామె ఆపేసింది. ఊపిరి బిగబట్టి అట్లే నిలబడింది. ఎంతసేపటికీ మళ్లీ మొదలుపెట్టలేదు. ఆయమ్మ నవ్వు ఆగిపోయింది.

"మళ్లీ ఎప్పుడు తీసుకుంటాడు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఒక్కోసారి నేను కాలితో తంతా తల్లీ. అప్పుడు తీసుకుంటాడు."

"తన్నినావు కాబట్టే ఈడ కూచోనుండాడు. మంచి పని చేసినావు" అంది డాక్టరమ్మ.

ఇన్నేళ్లుగా తన్నుతున్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

చేతి అద్దం ఇచ్చి నా నోరు నాకే చూపించింది. నాలుక అంచుల్లో పళ్ల గుర్తులు పడి ఉన్నాయి. వెనక గొంతు కనిపించాల్సిన చోట కండ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. నిద్రలో నాలుక వెనక్కి జారి గొంతును మూసేస్తోందని, ఊపిరి ఆడక దవడ పెనుగులాడుతోందని, పళ్లు అరగడం అందువల్లే కావచ్చని చెప్పింది. "ఇది అరిష్టం గాదమ్మా, ఏం గాదు. మనిషి ఊపిరి కోసరం కొట్లాడుతాండాడు" అంది మా ఇంటామెతో. దాన్ని ఇంగ్లీషులో స్లీప్ ఆప్నియా అంటారట. ఆ మాటకు నాకు నోరు తిరగలేదు.

మా ఇంటామె అంతా విని, చివరికి వచ్చిన పని గుర్తుచేసింది. "మరి పండ్లన్నీ పీకు తల్లీ. దినం మంచిదని చూసుకోని వచ్చినాం."

"నేను పీకను. పుచ్చినది ఒకటి తీస్తా. మిగిలినవాటితో నాకు పని ఉండాది. ఈ పండ్లు పోయినాయంటే ఈయప్ప దవడను పట్టుకునేదానికి ఏం మిగలదు."

ఆ పని ఏమిటో మాకు అప్పుడు అర్థం కాలేదు. కాకుంటే, పళ్లు పీకించుకోవడానికి పోయి డాక్టరు పీకనందని తిరిగి వచ్చిన మనిషి మా ఊళ్లో నేనే. చాలా రోజులు నవ్వుకున్నారు. మా అక్క మాత్రం నవ్వలేదు. ఇంకో డాక్టరును చూడమంది.

జబ్బు ఎంతుందో తేల్చేది తాను కాదని డాక్టరమ్మ మొదటే చెప్పింది. కడపలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పొమ్మంది. అక్కడ నిద్ర పరీక్ష చేస్తారు, అది చేయించుకోకుండా నా దగ్గరికి రావద్దు అని కొంచెం గట్టిగానే చెప్పింది. వెళ్లాం. తలకు, ఛాతీకి, వేలికి తీగలు తగిలించి పడుకోమన్నారు. వలలో పడినట్టు పడుకున్నాను. జబ్బు గట్టిగానే ఉందని ఆ డాక్టరు చెప్పాడు. ముక్కుకు మాస్కు కట్టుకుంటే గాలి లోపలికి తోసే మిషను రాశాడు. అన్నిటికంటే బాగా పనిచేసేది అదేనని మంచిగా చెప్పాడు. చాలామందికి అది ప్రాణం పోసిందని కూడా అన్నాడు. అది అబద్ధం కాదు. నాకే కుదరలేదు.

చేను మేయకుండా ఎద్దు మూతికి చిక్కం కడతాం చూడండి, అట్లా ఉండేది నాకు. తల చుట్టూ పట్టీలు, మూతికి గొట్టం. అటు తిరిగితే లాగుతుంది, ఇటు తిరిగితే ఈల వేస్తుంది. గొంతులోని మోకాలు పోయి మూతి మీదికి చేయి వచ్చినట్టయింది. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయిందంటే మిషను ఆగిపోయి మాస్కులో ఉక్కిరిబిక్కిరి అయ్యేవాడిని. నిద్రలో నాకు తెలియకుండానే పీకి పారేసేవాడిని. కొన్నాళ్లు పెనుగులాడి, దాన్ని బట్టల పెట్టె మీద పెట్టి పైన గుడ్డ కప్పాను. ఆ డాక్టరుకు చెప్పడానికి మొహం చెల్లక కడపకు పోవడం మానేశాను. ఎప్పటిలాగే అరుగు మీద కూర్చున్నాను.

మా ఇంటామె ఊరుకోలేదు. మళ్లీ ప్రొద్దుటూరుకు లాక్కుపోయి, నేను తల వంచుకుని ఉంటే అంతా తానే చెప్పింది. గుడ్డ కప్పిన సంగతి కూడా దాచలేదు. డాక్టరమ్మ కళ్లు నవ్వాయి. "మంచిదేలే. దానికి గూడ చలి పెట్టకుండా చూసుకున్నావు" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అక్కడే మా ముందే కడప డాక్టరుకు ఫోను చేసింది. మాస్కు పడని మనిషికి నోట్లో పెట్టే పరికరం ఇచ్చి చూద్దామా అని అడిగింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన సరే, పెట్టినాక మళ్లీ పరీక్ష చేయిద్దాం అన్నాడట.

అప్పుడు నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమెది జమ్మలమడుగు. "గండికోట చూసినావా పెద్దాయనా?"

చూశానని తల ఊపాను.

"ఆడ పెన్నమ్మ ఎట్ల పోతాంది? రెండు పక్కలా బండ, నడుమ ఇరుకు సందు. నీ గొంతు గూడ అట్లాంటిదే. బండ విరిగి అడ్డం పడితే నీళ్లు ఆగిపోతాయి గదా. నీ కింది దవడను రోంత ముందుకు జరిపి పెట్టినామంటే, దాంతో నాలుక గూడ ముందుకొస్తాది. సందు తెరుచుకుంటాది. అంతే నేను చేసేది. దవడను అట్ల పట్టి ఉంచేదానికి పైన, కింద గట్టి పండ్లు కావాల. అందుకే నీ పండ్లు పీకలేదు."

ఇంటికి అరిష్టమన్న పళ్లు అవి. ఆ మాటతో మా ఇంటామె నా మూతి వైపు కొత్తగా చూసింది.

పళ్ల అచ్చు తీసుకోవడానికి నోటినిండా పిండి ముద్దలాంటిది నింపింది. నాకు వాంతి వచ్చినట్టయింది. ఊపిరి అందదేమోనని భయమేసి కుర్చీ చేతులు పట్టుకున్నాను. మళ్లీ అదే మూత, అదే కాగు. డాక్టరమ్మ నా భుజం మీద చేయి వేసి, "కాలి బొటనవేళ్లు ఆడించు పెద్దాయనా. వాటినే చూస్తా ఉండు. ముక్కుతో గాలి పీల్చు" అంది. బొటనవేళ్లు ఆడిస్తూ ఉంటే గొంతు సంగతి మర్చిపోయాను. ఇప్పటికీ బస్సులో జనం మధ్య ఇరుక్కుని ఊపిరాడకపోతే, చెప్పుల్లో బొటనవేళ్లు ఆడిస్తాను.

మళ్లీ వెళ్లేసరికి పరికరం వచ్చింది. అద్దంలా తేటగా రెండు తొడుగులు. పై పళ్లకు ఒకటి, కింది పళ్లకు ఒకటి. పక్కన చిన్న మరలు. సూది లాంటి తాళంచెవితో ఆ మర తిప్పితే కింది దవడ రవ్వంత ముందుకు జరుగుతుంది. ఒక్కసారే జరిపితే దవడ కీలు అలుగుతుందని, పోయినప్పుడల్లా కొంచెం కొంచెం తిప్పేది. మొదట్లో చొంగ కారేది. చెవుల కింద నొప్పి పుట్టేది. తెల్లారి లేస్తే పై పన్ను కింది పన్ను కలిసేవి కావు, పొద్దెక్కేదాకా సంగటి నమలలేకపోయేవాడిని. ఇట్లా అవుతుందని ఆమె ముందే చెప్పి ఉంది కాబట్టి భయపడలేదు. పొద్దున్నే దవడకు చేయాల్సిన కసరత్తు తానే చేసి చూపించింది. మాస్కు వెనక ఆమె దవడ అటూ ఇటూ జరుగుతుంటే, నెమరు వేసే ఆవు గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను. ఆమె కనిపెట్టింది. "నవ్వుకో, నవ్వుకో. నవ్వితే గూడ దవడకు కసరత్తే" అంది.

గురక తగ్గినాక మా ఇంటామెకు నిద్ర పట్టకుండా పోయింది. శబ్దం లేకపోతే ఉన్నానో పోయానో అని లేచి నా ముక్కు దగ్గర చేయి పెట్టి చూసేదట. గాలి చేతికి తగిలినాక పడుకునేదట. డాక్టరమ్మకు ఈ మాట చెబితే, "ఇంక తన్నే పని లేదు గదమ్మా" అంది.

పరికరం నోట్లో పెట్టుకుని కడపలో మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. జబ్బు పూర్తిగా పోలేదు గానీ చాలా తగ్గిందని, ఇట్లాగే వాడమని ఆ డాక్టరు చెప్పాడు. అంతవరకూ బండి ఎక్కనని డాక్టరమ్మ నా చేత మాట తీసుకుంది. ఎక్కలేదు. పరీక్ష ఫలితం వచ్చిన రోజు నా కొడుకు బండి తాళంచెవి తెచ్చి, నా మంచం పక్కన మేకుకు తగిలించి పోయాడు. మరుసటి రోజు ఒక్కడినే తోటకు పోయాను. గట్టు మీద కూర్చున్నాను. నిద్ర రాలేదు. కాలవలో నీళ్లు చివరి చెట్టు దాకా పోవడం, ఎన్నాళ్ల తర్వాతో, మేలుకుని చూశాను.

ఆమె గురించి ఇంకా కొన్ని మాటలు రాయాలి. ఆమె రోగులను ఊరి పేరుతో గుర్తుపెట్టుకునేది. నన్ను మాత్రం మా ఊరి పేరు పెట్టకుండా, ఉత్త పెద్దాయనా అనే పిలిచేది. చేతులు కడుక్కుని వచ్చి, పొడి గుడ్డతో వేలు వేలునూ విడిగా తుడుచుకునేది. ఏ పన్ను నొప్పి అని ఎవరు వచ్చినా, నోరు చూసినాక నిద్ర ఎట్లా పడుతుందని అడిగేది. పన్ను నొప్పికి నిద్రకు ఏం సంబంధమని వాళ్లు విసుక్కునేవాళ్లు. ఒకసారి నా ముందే ఒక లారీ డ్రైవరును అట్లా అడిగింది. ఆయన నవ్వి, "స్టీరింగు పట్టుకుంటే సాలు మేడం, శానా బాగ పడతాది" అన్నాడు. ఎగతాళికి అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన భార్యకు ఫోను కలిపించి మాట్లాడింది. నన్ను చూపించి, "ఈ పెద్దాయన గూడ నీ మాదిరే బండి మీద నిద్రపోయి కంపల్లోకి పోయినాడు. అడుగు" అంది. జీవితంలో మొదటిసారి నేను ఒక కొత్త మనిషితో, ఎవరూ తొయ్యకుండా, నాకు జరిగింది మొత్తం చెప్పాను. ఆయన కడపకు పోయాడని తర్వాత విన్నాను.

మాటలు రాని మనిషినని నేను ముడుచుకుని కూర్చుంటే ఒకసారి అంది. "నీకేం బాధ పెద్దాయనా. ఈడికి వచ్చేటోళ్లంతా నోరు తెరుచుకునే ఉంటారు. ఒక్కడు గూడ మాట్లాడడు. మాట్లాడేది నేనొక్కదాన్నే."

చివరిసారి చూసినప్పుడు ఆమె తలకు గుడ్డ చుట్టుకుని ఉంది. చలికాలం కదా అనుకున్నాను. మాట మెల్లగా ఉంది. నడుమ నడుమ స్టూలు మీద కూర్చుంటోంది. నా పరికరం అప్పటికి బాగానే ఉంది. అయినా మళ్లీ పళ్ల అచ్చు తీస్తానంది. ఎందుకు తల్లీ అని అడిగాను. "ఉండనీ. ఎప్పుడన్నా పనికొస్తాది" అంది. బొటనవేళ్లు ఆడించమని ఆ రోజు చెప్పలేదు. నేనే ఆడించాను. ఆమె చూసి, సరే అన్నట్టు తల ఊపింది. వచ్చేటప్పుడు, "నన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు పెద్దాయనా. ఈ పని నేర్చిన డాక్టరు ఎవురైనా చేస్తారు" అంది. ఆ డాక్టరు ఎవరు, ఎక్కడుంటారు అని అడగాలని నాకు తోచలేదు.

మెట్ల మీద కూర్చున్న రోజు, నేను వచ్చినట్టు అంగడాయన ఫోను చేసి చెబితే, ఆయమ్మ వచ్చింది. షట్టరు సగం లేపి లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా పళ్ల అచ్చు. తెల్లటి సున్నపురాయి లాంటి దానితో పోసి ఉంది, పైది, కిందిది. కింది దవడ ఎంత ముందుకు ఉండాలో అంతే ముందుకు జరిపి, మైనం పెట్టి అతికించి ఉంది. అడుగున మా ఊరి పేరు చెక్కి ఉంది. "నీ మాదిరి వాడుకునేటోళ్లందరికీ ఇట్ల చేయించి పెట్టినాది. వచ్చినోళ్లకు ఇయ్యమని చెప్పినాది" అంది ఆయమ్మ. ఒంట్లో బాగలేని రోజుల్లో ఆ మనిషి కూర్చుని మా నోళ్ల సంగతి చూసుకుంది.

ఆ అచ్చు పట్టుకుని పులివెందులలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. అచ్చును అటూ ఇటూ తిప్పి చూసి, ఈ పని తాను నేర్చుకోలేదని నిజాయితీగా చెప్పాడు. జమ్మలమడుగులో ఇంకొకరు నా పళ్లు చూసి, రెండు కదులుతున్నాయి, అన్నీ తీసి సెట్టు కట్టుకుంటే మేలు కదా అన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ నోరు గట్టిగా మూసుకుని లేచి వచ్చేశాను. ఈ పళ్లు పీకడానికి నేను ఒప్పుకోను. కడప డాక్టరును కూడా కలిశాను. పరికరం చేసేవాళ్లు దొరికేదాకా మాస్కు కట్టుకోమన్నాడు. గుడ్డ తీసి మిషను మళ్లీ పెట్టుకున్నాను. చిక్కం మళ్లీ మూతికి వచ్చింది. కరెంటు ఉన్నంతసేపు ఉంటుంది, పోతే నేను లేచి కూర్చుంటాను. పరికరం పెట్టుకుంటే నిద్రలో ఊడి వస్తోంది. మా ఇంటామె మళ్లీ తన్నడం మొదలుపెట్టింది.

మొన్న తోటలో గట్టు మీద కునుకు పట్టింది. లేచేసరికి గట్టు తెగి నీళ్లు పక్క చేలోకి పారుతున్నాయి. బండి తోసుకుంటూ ఇంటికి వచ్చాను. తాళంచెవి మేకు నుంచి తీసి నేనే నా కొడుక్కి ఇచ్చాను. వాడు జేబులో వేసుకోలేదు. గోడ గూట్లో ఆ పళ్ల అచ్చు పెట్టి ఉంది. దాని పక్కన పెట్టి, "ఈడనే ఉంటాది నాయనా. డాక్టరు దొరికినాక తీసుకుందువులే" అన్నాడు.

అందుకే ఇది చదివేవాళ్లకు నా మనవి. మన జిల్లాలో గానీ, చుట్టుపక్కల గానీ, నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకు దవడ ముందుకు జరిపే పరికరం చేసే పళ్ల డాక్టరు మీకు తెలిసి ఉంటే, ఈ పత్రికవాళ్లకు ఒక ముక్క రాయండి. వాళ్లు నాకు అందజేస్తామన్నారు. మీ ఇంట్లో ఎవరైనా గురక పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంటే, అదృష్టవంతుడని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి.

అరుగు మీద కూర్చుంటే లోపల గూడు కనిపిస్తుంది. తెల్లటి ఆ పళ్లు, కింది దవడ కొంచెం ముందుకు జరుపుకుని, ఎవరో వచ్చి బొటనవేళ్లు ఆడించమంటారని చూస్తున్నట్టు, నోరు రవ్వంత తెరిచి ఉంటాయి. పక్కన తాళంచెవి. జవాబు కొంచెం బిరీన రాయండి.